బావికి పనికిరాని తాబేలు

నాకు చిన్నప్పటి నుంచీ ముక్కు మీదే కోపం. దానికి తోడు టీచరు ట్రెయినింగు కూడా పూర్తయింది కాబట్టి, పెళ్ళయ్యేనాటికి నాకు తెలియని విషయం లోకంలో లేదని నా నమ్మకం. అవి రెండో ప్రపంచ యుద్ధం జరుగుతున్న రోజులు. మా నాయన కుప్పం రైల్వే స్టేషన్లో పట్టాలు మార్చే పాయింట్స్‌మన్. అక్కడి రైల్వే క్వార్టర్సులో పుట్టి పెరిగిన నేను, మదనపల్లెలో మిషన్ ఆసుపత్రి కాంపౌండరుకు భార్యనై, దాని పక్కనే ఉన్న బడిలో మూడో తరగతికి టీచరునై, ఆసుపత్రి వెనక వరుసగా ఉండే పెంకుటిళ్ళలో ఒకదానిలో కాపురం పెట్టాను. ఇంట్లో ముగ్గురం. నేను, మా ఆయన, మా అత్త.

మా అత్త ఆసుపత్రిలో ఆయా. కాన్పుల వార్డు ఆమెది. పుట్టిన బిడ్డ ఏడవకపోతే కాళ్ళు పట్టుకుని తలకిందులుగా ఎత్తి, వీపు మీద తట్టి ఏడిపించడంలో ఆమెకు పేరుండేది. అంతకు ముందు పెద్దమండ్యం పక్క ఒక పల్లెలో కూలి చేసుకునే ఇంట్లో పుట్టి, ఎవరెవరి మేకలనో గుట్టల వెంట కాసింది. పెళ్ళయి పుంగనూరు పోయింది. మా మామ పోయాక, కొడుకును చదివించుకోవడానికి మదనపల్లె చేరింది. చదువు లేదు. ప్రార్థనలో పాటల పుస్తకం చేతిలో పట్టుకుని, పేజీ తిప్పకుండానే పాటలన్నీ పాడేది. నన్ను టీచరమ్మా అని పిలిచేది. కోడలిని పట్టుకుని టీచరమ్మా అనడంలో ఎగతాళి ఉందేమోనని నాకు అనుమానం. అందుకే ఆమెతో మాట్లాడినప్పుడల్లా నా గొంతు ఒక మెట్టు పైనే ఉండేది.

ఆ ఏడు వానలు ఆలస్యంగా వచ్చాయి. మొదటి పెద్ద వాన కురిసిన మర్నాడు శనివారం. బడికి సెలవు. పెరట్లో గిన్నెలు తోముదామని బూడిద, కొబ్బరిపీచు ముందర పెట్టుకుని కూర్చున్నాను. నాగజెముడు కంచె కింద ఎర్రమట్టి కరిగి చిన్న చిన్న కాలువలు కట్టింది. ఆ మట్టిలో వెలక్కాయ చిప్ప లాంటిదేదో బోర్లా పడి ఉంది. తీసి పారేద్దామని వేలితో తట్టాను. చిప్ప కింద నుంచి తల బయటికొచ్చింది.

బొటనవేలూ చూపుడువేలూ కలిపి సున్నా చుడితే ఆ సున్నాలో పట్టేంత తాబేలు పిల్ల. వీపు గుమ్మటంలా ఎత్తుగా ఉంది. నల్లటి ఒంటి మీద అక్కడక్కడా పసుపు చుక్కలు, ఒక్కో చుక్క నుంచి చుట్టూ పసుపు గీతలు. కళ్ళు ఆవగింజలంత. అరచేతిలో పెట్టుకుంటే మొదట ముడుచుకుపోయి, కాసేపటికి తలా కాళ్ళూ బయట పెట్టి, నా చేతి గీతల మీద నడక మొదలుపెట్టింది. నాకు ఎంత సంతోషం వేసిందో చెప్పలేను. గిన్నెలు అట్లాగే వదిలేసి దానితోనే కూర్చున్నాను.

పక్కింటామె గోడ మీద నుంచి తొంగి చూసి, తాబేలు ఇంటికొస్తే ఇల్లు గుల్లవుతుందని హెచ్చరించింది. ఆదివారం ప్రార్థనలో అందరికంటే గట్టిగా పాడే మనిషి ఆవిడ. మా ఆయన మధ్యాహ్నం అన్నానికి వచ్చి, దాన్ని రుమాల్లో చుట్టుకుని డిస్పెన్సరీకి తీసుకుపోయి, మందు పొడులు తూచే తక్కెడలో తూచి తెచ్చాడు. తులం మీద నాలుగు గురిగింజల ఎత్తు. ఆ సంగతి ఒక మందు చీటీ మీద రాసి, పేషెంటు పేరు ఉండే చోట తాబేలు అని కూడా రాశాడు. తర్వాత చీటీ పక్కన పెట్టి, నెమ్మదిగా అసలు మాట ఎత్తాడు.

"పుంగనూరు పెద్దనాయన బావికి ఇది సరిపోతాది గదా?"

ఆయన పెద్దనాయన అంటే మా మామకు అన్న. నాకు పెద్దమామ. తండ్రి లేని మా ఆయనను అన్ని విధాలా ఆదుకున్నది ఆయనే. పుంగనూరు బయట ఆయనకు కాస్త మెట్ట చేను ఉండేది. అందులో రెండేళ్ళుగా బావి తవ్విస్తున్నాడు. మట్టంటే ఒక నిలువు లోతు. ఏడు మట్ల వరకూ రాయే. ఎనిమిదో మట్టులో ఊట పడింది. వాళ్ళ ఇళ్ళల్లో ఒక పద్ధతి ఉంది. కొత్త బావిలో నీళ్ళు పడితే అందులో ఒక తాబేలును వదులుతారు. అది పురుగూ పుట్రా తిని నీళ్ళను శుభ్రంగా ఉంచుతుంది. దాన్ని వదలాల్సింది ఇంటికి అందరికంటే కొత్తగా వచ్చిన కోడలు, తన చేత్తో. పాస్టరయ్య వచ్చి ప్రార్థన చేస్తాడు, ఆమెన్ అన్నాక తాబేలును దించుతారు. ఈ రెండూ ఒకదానికొకటి అడ్డమని వాళ్ళకెప్పుడూ తోచినట్టు లేదు. ఆ ఏడు చెరువులూ కుంటలూ ఎండిపోయి పుంగనూరు పక్క తాబేలు దొరకలేదు. దొరికితే తెమ్మనీ, కోడలిని, దానితో పాటు మా అత్తను కూడా రమ్మనీ పెద్దమామ బస్సు కండక్టరుతో కబురు పెట్టి వారమైంది.

"సరిపోకేం? దేవుడు పంపినట్టుంది" అన్నాను. ఆ కొత్త కోడలిని నేనే మరి. నలుగురి ముందూ బావిగట్టు మీద నిలబడి, నాకు దొరికిన తాబేలును నేనే వదలడం నాకు బాగా నచ్చింది.

సాయంత్రం మా అత్త డ్యూటీ దిగి వచ్చింది. తాబేలును చూడగానే ఆమె ముఖం విచ్చుకుంది. కాళ్ళు కడుక్కుని వచ్చి, దాన్ని వెల్లకిలా తిప్పి, ఒక కాలి కింద తన చిటికెన వేలు పెట్టి చూసింది. మళ్ళీ నేల మీద వదిలి, అది నడుస్తుంటే తల వంచి చూసింది.

"ఇది బావిది కాదమ్మా" అంది. "మెట్టది. గుట్టల్లో రాళ్ళ కింద ఉంటాది. నీళ్ళలో వదిల్తే మునిగి సస్తాది."

"తాబేలు నీళ్ళలో మునిగి చావడమేంది అత్తా?"

"రెండు జాతులు ఉండాయమ్మా. నీళ్ళదానికి వేళ్ళ మధ్య బాతుకు మాదిరి తోలుంటాది. దీనికి సూడు, యాడుంది? ఇది నడిచేది, ఈదేది కాదు."

నేను దాని కాళ్ళు చూడలేదు. ట్రంకుపెట్టె తెరిచి నా ట్రెయినింగు నోటుపుస్తకం తీశాను. అందులో నేను నా చేత్తో గుండ్రంగా రాసుకున్న వాక్యం ఉంది. తాబేలు ఉభయచరము, నీటియందును నేలమీదను జీవించును. అది తప్పని తెలియడానికి నాకు మరి కొన్నేళ్ళు పట్టింది కానీ, ఆనాడు ఆ పుస్తకం నాకు సువార్తతో సమానం. పైగా కుప్పంలో మా క్వార్టర్స్ వెనక ఒక కుంట ఉండేది. అందులో తాబేళ్ళు రాళ్ళ మీద ఎండ కాచుకుంటూ, మా అడుగుల చప్పుడు వినగానే బుడుంగున నీళ్ళలోకి జారిపోయేవి. చిన్నప్పటి నుంచీ నేను చూసిన తాబేళ్ళన్నీ అవే. కాబట్టి తాబేలంటే నీళ్ళు. ఇందులో వాదన ఏముంది?

అదంతా పైకి చదివి వినిపించాను. మా అత్త ఓపిగ్గా విని, "పుస్తకంలో రాసినాయన ఈ జాతిని సూసినట్టు లేదమ్మా" అంది.

ఆ పుస్తకంలో రాసింది నేను. నోరు జారాను. "తెలియని సంగతుల్లో మాట్లాడొద్దు అత్తా. మేకలు కాసుకునే చోట నేర్చుకునేది చదువు కాదు."

మా అత్త నా వైపు కాసేపు చూసింది. కోపంగా చూసి ఉంటే బాగుండేది. "సరే టీచరమ్మా" అని లోపలికి పోయి సంగటికి ఎసరు పెట్టింది. మా ఆయన రెండు వైపులా చూసి, ఆసుపత్రిలో ఏదో మరిచిపోయానని చొక్కా తొడుక్కుని వెళ్ళిపోయాడు.

మర్నాటి నుంచి మా ఇంట్లో మాటల్లేని యుద్ధం ఒకటి నడిచింది. ఆసుపత్రిలో అంచులు పెచ్చులూడి పారేసిన తెల్లటి ఎనామిల్ బేసిన్ ఒకటి మా పెరట్లో ఉండేది. దాంట్లో నాలుగు వేళ్ళ లోతు నీళ్ళు పోసి, మధ్యలో ఒక ఇటుక పెట్టి, తాబేలును వదిలాను. అది చేతులూ కాళ్ళూ కొట్టుకుని ఎట్లాగో ఇటుక ఎక్కింది. ఎక్కి, మళ్ళీ దిగలేదు. చిన్నది కదా, ఈత ఇంకా రాలేదనుకున్నాను. ఎక్కం రాని పిల్లను మళ్ళీ మళ్ళీ నిలబెట్టి చెప్పించినట్టు, దాన్ని రోజుకు రెండుసార్లు ఇటుక మీద నుంచి తీసి నీళ్ళలో వేసేదాన్ని. అది మళ్ళీ ఇటుక ఎక్కేది. టీచర్లకు ఉండే పట్టుదల ఎంత మూర్ఖమైందో అప్పుడు నాకు తెలియదు.

తెల్లారి నేను లేచేసరికి బేసిన్లో నీళ్ళుండేవి కావు. మునగచెట్టు మొదలు తడిగా ఉండేది. బేసిన్ అడుగున గరిక, రెండు మందారం రేకులు. తాబేలు రేకును కొసల నుంచి కొరుక్కుంటూ ఉండేది. మా అత్త అప్పటికే డ్యూటీకి వెళ్ళిపోయి ఉండేది. నేను రేకులు తీసేసి, మళ్ళీ నీళ్ళు పోసి, వానపామును పట్టి తెచ్చి దాని మూతి ముందు పెట్టేదాన్ని. కుప్పం తాబేళ్ళు వానపాము కోసం ఒకదాని మీద ఒకటి పడేవి. ఇది మొహం తిప్పుకునేది. మందారం మాత్రం తినేది. చూశాను. చూడనట్టు ఊరుకున్నాను.

గురువారం మధ్యాహ్నం బడి నుంచి అన్నానికి వచ్చి పెరట్లోకి పోయాను. ఇటుక పక్కకు ఒరిగిపోయి ఉంది. తాబేలు నీళ్ళలో ఉంది. మెడ వేలాడుతోంది, నోరు తెరుచుకుని ఉంది, నాలుగు కాళ్ళూ కిందికి జారిపోయి ఉన్నాయి. చేత్తో తీస్తే కదల్లేదు.

"అత్తా" అని పిలిచాను. ఆ పిలుపు నా గొంతులోంచి వచ్చినట్టే లేదు. ఆ పూట మా అత్త ఇంట్లోనే ఉంది. వచ్చి, ఒక్క మాట అడక్కుండా నా చేతిలోంచి దాన్ని తీసుకుంది. తల కిందికి వచ్చేట్టు పట్టుకుని, మెడ మీద వేలితో మెల్లగా నిమిరింది. ముక్కులోంచి నీటి చుక్క జారింది. మళ్ళీ నిమిరింది. ఇంకో చుక్క. కాన్పుల వార్డులో ఆమె పని నేనెప్పుడూ చూడలేదు. ఆ తొందరలేని చేతిని చూస్తూ ఎంతసేపు నిలబడ్డానో తెలియదు. చివరికి వెనక కాలొకటి, ఇంతంటే ఇంత, కదిలింది. మా అత్త దాన్ని కొంగుతో తుడిచి, ఎండలో మెట్టు మీద కూర్చుని, ఒళ్ళో పెట్టుకుంది.

నేను ముందే చెప్పాను కదా అని ఆమె అనలేదు. ఆమె స్థానంలో నేనుంటే ఆ మాట ఏడుసార్లు అని ఉండేదాన్ని.

నేను పక్కన కూర్చుని, ఆ వారంలో మొదటిసారి, దాని కాళ్ళు చూశాను. వేళ్ళ మధ్య తోలు లేదు. అసలు వేళ్ళే లేవు. పొట్టిగా, లావుగా, ఏనుగు కాళ్ళలా గుండ్రంగా ఉన్నాయి. అడుగున చదును, ముందర మొద్దుగోళ్ళు. అవి నేల మీద ఒంటి బరువు మోయడానికి ఉన్న కాళ్ళు. ఈ సంగతి తెలుసుకోవడానికి నోటుపుస్తకం అక్కర్లేదు, వంగి చూస్తే చాలు.

అంతా తెలిసిపోయింది. కానీ అప్పటికే మా ఆయన పుంగనూరుకు కబురు పంపేశాడు. శనివారం పాస్టరయ్య వస్తాడు, చుట్టాలంతా వస్తారు, టీచరమ్మ తాబేలు తెస్తుంది. ఇప్పుడు కాదంటే నేను తప్పని ఒప్పుకోవాలి. కాపురానికి వచ్చి మూడు నెలలైనా కాలేదు. వాళ్ళందరి ముందూ, అందులోనూ మా అత్త ముందు, ఆ మాట అనడానికి నా నోరు పెగల్లేదు.

"బాగా ఆరనివ్వు అత్తా" అన్నాను. "బావిలో రాళ్ళుంటాయి కదా, ఏదో ఒకదాని మీద ఎక్కి కూర్చుంటుంది."

నేను అన్నది నేనే నమ్మలేదు.

శనివారం పొద్దున ఇద్దరం పుంగనూరు బస్సెక్కాం. మా ఆయనకు డ్యూటీ. పెట్రోలు దొరక్క అప్పట్లో బస్సులు బొగ్గు గ్యాసుతో నడిచేవి. వెనకాల పెద్ద పీపా లాంటి పొయ్యి, దాన్ని రాజేయడానికి కండక్టరు అరగంట సేపు చక్రం తిప్పాలి. ఎత్తు వచ్చినప్పుడల్లా అందరం దిగి నడిచాం, ఖాళీ బస్సు మా వెనకాలే మూలుగుతూ వచ్చింది. మూతకు చిల్లులు పొడిచిన బిస్కెట్ల డబ్బాలో గరిక పరిచి, తాబేలును పెట్టి, మా అత్త ఆ డబ్బా ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఎండ పక్క మారినప్పుడల్లా డబ్బాను నీడలోకి జరిపింది. దారి పొడుగునా నేను కిటికీలోంచి బయటికే చూశాను. దించు అంటే దించేయడమా, నోరు తెరవడమా? ఎన్నిసార్లు అటూ ఇటూ ఆలోచించినా రెండూ కష్టంగానే కనిపించాయి.

బావి చేను చివర ఉంది. తవ్విన రాయీ మట్టీ పక్కన గుట్టగా పోసి ఉంది. ఆ మట్టి మీద ఆడవాళ్ళు, గట్టు చుట్టూ మగవాళ్ళు. పెద్దమామ ఉతికిన పంచె, తలపాగాతో పెళ్ళికొడుకు తండ్రిలా తిరుగుతున్నాడు. అందరికీ బావిని తనే చూపిస్తున్నాడు. పాస్టరయ్య నీళ్ళ కోసం, తవ్విన చేతుల కోసం, తాగబోయే పశువుల కోసం ప్రార్థన చేశాడు. ఆమెన్ అన్న నోటితోనే పెద్దమామ, "తాబేలు యాడమ్మా?" అన్నాడు.

తాడు కట్టిన చిన్న గంప తెచ్చారు. అందులో తాబేలును పెట్టి, గట్టు మీదకు పోయి లోపలికి చూశాను. నిలువుగా కోసినట్టున్న రాతి గోడలు. అడుగున నల్లగా నీళ్ళు. ఆ పిల్ల కాలు ఆనడానికి వేలెడంత చోటు లేదు. తాడు నా చేతికిచ్చారు. తాబేలు మెడ చాచి గంప అంచు దాకా నడిచి, అక్కడి నుంచి నా చేతి మీదకు ఎక్కడానికి ముందు కాలు వేసింది.

"దించమ్మా" అన్నాడు పెద్దమామ.

తప్పు చేశానని చెప్పాలనే అనుకున్నాను. గొంతు వరకూ వచ్చింది. బయటికి వచ్చింది మాత్రం వేరే. "మా అత్తను ఒకసారి చూడమనండి పెద్దమామా."

మా అత్త మట్టి మీద నుంచి దిగి వచ్చింది. గంప తీసుకుని చూసింది. అందరూ ఆమెనే చూస్తున్నారు. ఇప్పుడు ఆమె ఏమన్నా అనొచ్చు, అనే హక్కు ఆమెకుంది. పడాల్సిన మాట పడదామని నేను ముఖం గట్టి చేసుకున్నాను.

"తప్పు నాది బావా" అంది మా అత్త, అందరికీ వినపడేట్టు. "ఇది మెట్ట తాబేలు. నీళ్ళలో వదిల్తే బతకదు. మా టీచరమ్మ మొదటిరోజే సెప్పింది. కాళ్ళు సూపించి మరీ సెప్పింది. నేనే ఇనలేదు. ఏ తాబేలైతే ఏమిలే అని నేనే డబ్బాలో పెట్టుకోనొచ్చినా."

ఆడవాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. తర్వాత నవ్వడం మొదలుపెట్టారు.

"మేకలు కాసిన మనిషికి తాబేలు తెలీదంటనే" అంది ఒకామె.

"ఆసుపత్రిలో చేరినాక గుట్టలు మర్సిపోయినాది" అంది ఇంకో ముసలామె.

మా అత్త కూడా వాళ్ళతో కలిసి నవ్వుతూ, తాబేలును కొంగులో వేసుకుంది. పాస్టరయ్య నా వైపు తిరిగి, చదువుకున్న కోడలు ఇంటికి వెలుగు అన్నాడు. నాకు తల కొట్టేసినట్టయింది. నోరు తెరవాలి కదా, తెరవలేదు. ఆ మెప్పును తీసుకుని దిమ్మలా నిలబడ్డాను. పెద్దమామ, "బావి యాడికీ పోదు. తాబేలు దొరికినబ్బుడే వదుల్దాం" అని తలపాగా సర్దుకున్నాడు. ఎందుకో నా వైపు కాస్త ఎక్కువసేపు చూశాడు.

వంటలు కావడానికి ఇంకా సమయముంది. మా అత్తా నేనూ చేను వెనక గుట్ట ఎక్కాం. ఆమె నాలుగైదు చోట్లు చూసి, వద్దనుకుని, చివరికి రెండు బండల మధ్య గరిక మొలిచిన చోట ఆగింది. "ఈడ ఎండా ఉండాది, నీడా ఉండాది" అని తాబేలును కింద పెట్టింది. అది కాసేపు ముడుచుకుని ఉండి, తర్వాత నిదానంగా గడ్డిలోకి నడిచింది. నాలుగడుగులు వేసిందో లేదో కనిపించడం మానేసింది. ఎండిన గడ్డి పరకల మధ్య ఆ పసుపు గీతలు కూడా పరకల్లాగే ఉన్నాయి. కళ్ళ ముందున్నదాన్ని వెతుక్కోవాల్సి వచ్చింది. ఆ గీతలు ఎందుకున్నాయో నాకు అప్పుడర్థమైంది. చాలా ఆనందం వేసింది, దానితో పాటే ఏడుపూ వచ్చింది.

"అబద్ధం యాల సెప్పినావు అత్తా?" అన్నాను. ట్రెయినింగులో వదిలించుకున్నాననుకున్న కుప్పం మాట నాకు తెలియకుండానే వచ్చింది.

"నువ్వు ఈ ఇంటికి కొత్త" అంది ఆమె, గడ్డిలోకే చూస్తూ. "రేపు వీళ్ళంతా నీ మాట ఇనల్ల. బడిలో పిల్లోళ్ళు ఇనల్ల. నాకు తెలీదంటే నాకేం పోతాదమ్మా? పుట్టినకాడినుంచీ అందరూ అంటాండేదే గదా."

దెప్పడానికి అనలేదు. ఉన్న సంగతి చెప్పింది. నేను అన్న మాట కూడా ఆ అందరి మాటల్లో ఒకటిగా ఆమె ఎప్పుడో సర్దిపెట్టుకుంది. నేను తాబేలునే చూస్తున్నట్టు తల వంచుకున్నాను.

కాసేపటికి, "నేను దించేసి ఉంటే?" అని అడిగాను.

"దించవు. మొన్న దాని కాళ్ళు సూసేటబ్బుడు నీ ముఖం సూసినా గదా."

భోజనాలకు చేని గట్టు మీద చెట్టు నీడన వరుసగా కూర్చోబెట్టారు. రాగి సంగటి, నాటుకోడి పులుసు. వేడి ముద్ద నా ముందు పెట్టారు. మధ్యలో గుంట చేసి పులుసు పోశారు. ఒక ముక్క తునిచి చేత్తోనే పట్టుకుని కూర్చున్నాను. వరుస చివర మా అత్తను ఎవరో మళ్ళీ తాబేలు గురించి ఆట పట్టిస్తున్నారు. ఆమె మళ్ళీ నవ్వుతోంది. ఇక నా వల్ల కాలేదు.

"పెద్దమామా" అన్నాను. నా ఎదురుగానే కూర్చుని తింటున్నాడు ఆయన. "అత్త చెప్పింది నిజం కాదు. మెట్టదని చెప్పింది అత్తే. నేనే వినలేదు. బేసిన్లో ముంచి చంపేంత పని చేశాను. అత్తే బతికించింది. తప్పని తెలిసి కూడా మొండికి తీసుకొచ్చాను." అక్కడితో ఆగొచ్చు. ఆగితే మళ్ళీ ఎప్పటికీ చెప్పలేనని తెలుసు. "మేకలు కాసుకునే చోట నేర్చుకునేది చదువు కాదని కూడా అన్నాను."

పెద్దమామ సంగటి ముద్దను పులుసులో అద్దుకుని, నోట్లో వేసుకుని, మింగాక నిదానంగా అన్నాడు.

"తెలుసు లేమ్మా."

నేను ఆయన వైపు చూశాను.

"మా మరదలు ఈడున్నన్నాళ్ళూ ఈ సుట్టుపక్కల కొత్త బావులకు తాబేళ్ళు ఏరిచ్చింది అదే. ఏది నీళ్ళది, ఏది మెట్టది అని అందరూ దాన్నే అడిగేవాళ్ళు. నీతో దాన్నీ రమ్మని కబురు పెట్టింది యాల అనుకున్నావు?"

"మరి అందరూ నవ్వినారే?"

"అది అట్లా సెప్పినాక నవ్వక ఏం సెయ్యల్ల? మేము నమ్మలేదని నీకు తెలిసిపోతే అది పడిన కష్టమంతా ఏమవతాది?"

నేను వరుస పొడుగునా చూశాను. ముసలామె పులుసు జుర్రుకుంటోంది. మేకల మాట అన్న ఆమె తన ఆకు వైపు చూసుకుంటూ ముసిముసిగా నవ్వుతోంది. వాళ్ళందరికీ తెలుసు. మా అత్త నన్ను కాపాడాలనుకుంది, వాళ్ళు మా అత్తకు సాయం పట్టారు. ఏమీ తెలియనిదాన్ని ఆ చేనులో నేనొక్కదాన్నే.

మా అత్త తన చోటు నుంచి లేచి వచ్చి, కుండలోంచి ఇంకో ముద్ద తీసి నా ఆకులో వేసింది. "గమ్మునుండు బావా. పిల్లను తిననీ" అంది.

ఆమె మీద నాకు ప్రేమ కలిగింది ఆ పూటే. నిజం చెప్పాలంటే అంతవరకూ గౌరవం కూడా లేదు. కళ్ళ నీళ్ళు కారుతుంటే తుడుచుకోకుండా తిన్నాను. ఆ రోజు నేను తిన్నంత సంగటి తర్వాత ఎప్పుడూ తినలేదు.